డేటా షీట్‌లో తిథి

నా పీహెచ్‌డీ థీసిస్ మూడో అధ్యాయంలో ఒక పట్టిక ఉంది. తేదీ, టైము, కెమెరా నంబరు, జంతువు. ఈ నాలుగు కాలమ్‌ల పక్కన ఐదోది తిథి. వైవా రోజు ఎగ్జామినర్ గారు మొట్టమొదట అడిగింది దాని గురించే. "ఏమ్మా, ఇది జువాలజీ థీసిసా, పంచాంగమా?" అన్నారు. హాల్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ కాలమ్ అక్కడికి చేరడానికి నాకు రెండు కెమెరాలు, ఒక దీపావళి ఖర్చయ్యాయి.

నేను కాకినాడలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ లెక్చరర్ని. నలభై రెండో ఏట పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో చేరాను. టాపిక్ కోరింగ మడ అడవుల్లో నీటిపిల్లి. అది ఏం తింటుంది, ఎప్పుడు తింటుంది, మన జాలర్లు పట్టే చేపలూ అది పట్టే చేపలూ ఒకటేనా అన్నది ప్రశ్న. నీటిపిల్లిని చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. ఇంటి పిల్లికి రెండింతలు ఉంటుంది. బూడిదరంగు ఒంటి మీద నల్లచుక్కల వరసలు, పొట్టి తోక. కాలివేళ్ల మధ్య కొంత పొర ఉంటుంది. గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులి ఉన్న మొదటి షెడ్యూల్‌లోనే ఇదీ ఉంది. మనవాళ్లలో చాలామందికి కోరింగ అంటే చెక్కవంతెన మీద సెల్ఫీ. ఆ వంతెన చుట్టూ 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఉందని, 1978 నుంచీ ఉందని గుర్తుండదు. నాకూ టాపిక్ తీసుకునేదాకా గుర్తులేదు.

ముందు పర్మిషన్. అభయారణ్యంలో పరిశోధనకి చట్టంలోని సెక్షన్ 28 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. 2021 జనవరిలో దరఖాస్తు పెట్టాను. సినాప్సిస్ అంటే పరిశోధన ప్రణాళిక, గైడ్ గారి లేఖ, మ్యాపు, వెంట వచ్చేవాళ్ల ఆధార్ కాపీలు, ఏ వస్తువులు తీసుకెళతానో వాటి జాబితా అన్నీ జతచేశాను. రెండు నెలలకి తిరిగొచ్చింది. తప్పు నాదే. "నమూనాల సేకరణ" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. ఏం నమూనాలు? పిల్లి మలం. అభయారణ్యంలోంచి ఏదైనా బయటికి తేవాలంటే దాని పేరు పెట్టి అడగాలి. అప్పుడు "నేల మీద పడి ఉన్న మలం మాత్రమే, ఏ జంతువునీ తాకకుండా, పట్టకుండా" అని విడమర్చి రాశాను. ఫారంలో "పరిమాణం" అని ఒక గడి ఉంది. అక్కడ కూర్చున్న ఉద్యోగి ఎంతో సీరియస్‌గా "ఎన్ని కేజీలు వేసుకోమంటారు మేడం?" అని అడిగాడు. ఇంతలో కరోనా రెండో వేవ్. కాగితం చేతికొచ్చేసరికి సెప్టెంబరు.

ఇది చదివేవాళ్లలో ఎవరైనా దరఖాస్తు పెట్టబోతుంటే ఒక్క మాట. వాడతారో లేదో తెలియకపోయినా ప్రతి వస్తువూ రాయండి. నేను టార్చిలైటు కూడా రాశాను. డ్రోన్ మాత్రం గైడ్ గారు కొట్టేయించారు. అది పెడితే ఇంకో ఏడాది ఆగాల్సి వచ్చేదట.

పడవకి తాళ్లరేవు మండలంలోని ఒక ఊరి నుంచి బాబాయ్ కుదిరాడు. అరవై దాటినవాడు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి బాబాయ్ అనే రాస్తాను. మొదటిరోజే రెండు షరతులు పెట్టాడు. తిల్ల కొమ్మ విరవకూడదు, దాని పాలు కంట్లో పడితే చూపు పోతుంది. రెండోది, నేను పడవలో నుంచోకూడదు.

2021 అక్టోబరు చివర్లో, ఆశ్వయుజ బహుళ అష్టమి నాడు, జంతువు కదిలితే వాటంతటవే ఫోటో తీసే కెమెరాలు పన్నెండు కట్టాం. తిథి అప్పుడు నాకు తెలియదు, తర్వాత తెలిసింది. గాడేరు పాయ పక్కన చిన్న కాలువల్లో, నల్లమడ చెట్ల మొదళ్లకి. మోకాలి దాకా బురద. చెప్పులు బురద తీసేసుకుంటుంది, వట్టికాళ్లతో దిగితే పైకి పొడుచుకొచ్చిన వేళ్లు మేకుల్లా గుచ్చుకుంటాయి. చెట్టు మొదలు మీద నీళ్లు ఎంతవరకూ ఎక్కుతాయో తడి చార కనిపిస్తూనే ఉంది. దానికి జానెడు పైన బెల్టు బిగించి, కెమెరాని కాస్త కిందికి వంచాను. పిల్లి ఎత్తుకి సరిపోవాలి కదా.

"ఇంతెత్తు చాలాండి?" అన్నాడు బాబాయ్.

"పోటు చారకి జానెడు పైన పెట్టాను బాబాయ్."

"ఇయ్యాల అష్టమి కదండి," అన్నాడు. అని ఊరుకున్నాడు. ఏదో మంచిరోజు కాదంటున్నాడేమో అనుకుని నేనూ ఊరుకున్నాను.

వారానికి దీపావళి. ఆ అమావాస్య రాత్రి నేను ఇంట్లో పిల్లలతో మతాబులు కాలుస్తున్నాను. నా కెమెరాలు నీళ్లలో ఉన్నాయి. మర్నాడు కాదు, ఆ పైరోజు వెళ్లి చూస్తే ఐదింటి బెల్టుల మీద బురద పూత. అవి వానకి తట్టుకుంటాయి గానీ మునకకి కాదు. 4వ నంబరు మూత తీస్తే గ్లాసుడు మట్టినీళ్లు, అందులో వేలిగోరంత పీత. అది ఎట్లా దూరిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఐదింటిలో మూడు ఎండబెట్టాక బతికాయి, రెండు పోయాయి. ఒక్కోటి నా అరనెల జీతం.

"ముందే చెప్పొచ్చుగా బాబాయ్?"

"సెప్పేనండి. అష్టమి అన్నానండి."

ఆయన నిజంగానే చెప్పాడు. నాకే అర్థం కాలేదు. అష్టమికి చంద్రుడొక పక్క, సూర్యుడొక పక్క లాగుతాయి కాబట్టి పోటు చప్పగా ఉంటుంది. అమావాస్యకీ పౌర్ణమికీ ఇద్దరూ ఒకే వరసలో లాగుతారు కాబట్టి నీళ్లు ఎత్తుకి ఎక్కుతాయి. దానికి తోడు వర్షాకాలం చివర, అక్టోబరు, నవంబరుల్లో, మన తీరంలో సముద్రమే మిగతా నెలలకన్నా కాస్త ఎత్తున ఉంటుంది. అంటే నేను ఏడాదిలో పెద్ద పోట్లు వచ్చే రోజుల్లో, పక్షంలో అతి చిన్న పోటు వచ్చే రోజు చూసుకుని మరీ కొలత తీసుకున్నానన్నమాట. ఇంతకన్నా పద్ధతిగా తప్పు చేయడం కష్టం.

ఆ రోజు పడవలో టీ తాగుతూ బాబాయ్ లెక్క చెప్పాడు. "పోటు తిథికి రెండు గడియలు ఎనక్కి నడుద్దండి. పాడ్యమికి ఏ ఏళకొచ్చిందో తెలిస్తే పున్నం దాకా ఇక సూసుకోనక్కర్లేదండి." గడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు. రెండు గడియలు 48 నిమిషాలు. పుస్తకాల్లో పోటు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుందని ఉంటుంది. తిథి రోజు కన్నా రవ్వంత చిన్నది కాబట్టి ఆ తేడా కూడా సరిపోయింది. నేను ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి లెక్కేస్తుంటే ఆయన ఖాళీ గ్లాసు కడుక్కుంటున్నాడు.

నా దగ్గర కాకినాడ పోర్టు టైడ్ టేబుల్ ఉంది. అది తప్పేం కాదు, కానీ అది రేవు దగ్గరి లెక్క. నీళ్లు అక్కడినుంచి పాయల్లో మెలికలు తిరిగి లోపలి కాలువకి చేరేసరికి ఆలస్యమవుతుంది. ఏ కాలువకి ఎంత ఆలస్యమో బాబాయ్‌కి తెలుసు. ఆ రోజు నుంచి నోట్‌బుక్కులో తేదీ పక్కన తిథి కూడా రాయడం మొదలుపెట్టాను. అప్పటికి అది థీసిస్ కోసం కాదు, కెమెరాలు మునగకుండా ఉండటం కోసం. పుష్యమాసంలో చొల్లంగి అమావాస్యకి ఊళ్లన్నీ సముద్ర స్నానానికి కదిలితే, మేం ముందురోజే వెళ్లి మిగిలిన పది కెమెరాలనీ మూరెడు పైకి జరిపి వచ్చాం. ఒక్కటీ మునగలేదు.

కెమెరా ట్రాప్ అనగానే పులుల ఫోటోలు గుర్తొస్తాయి. నాకు వచ్చినవాటిలో ముప్పావు వంతు ఉత్త ఆకులు. అది వేడిని, కదలికని పసిగట్టే యంత్రం. ఎండకి కాగిన ఆకు గాలికి ఊగినా టక్కున తీస్తుంది. తర్వాత నక్కలు, నీటికుక్కలు, బాబాయ్ కాళ్లు. పిల్లి మొదటిసారి పడింది 7వ నంబరు కెమెరాకి. నలుపూ తెలుపూ ఫోటో. బురద అంచున గొంతుకూర్చుని, చెవులు వెనక్కి పెట్టి, కుడి ముంగాలు నీళ్లకి అంగుళం పైన ఆపి ఉంది. తర్వాతి ఫోటోలో నీటి మీద వలయం. మూడోదాంట్లో పిల్లి లేదు. ఆ మూడు ఫోటోలూ ఆ రోజు స్టాఫ్‌రూమ్‌లో ఎన్నిసార్లు చూపించానో!

నెలలు గడిచాక పిల్లి ఫోటోల టైములన్నీ గడియారం మీద పరిచి చూశాను. రాత్రి ఎనిమిది, ఒంటిగంట, నాలుగు, మళ్లీ పదకొండు. ఏ వరసా లేదు. గైడ్ గారు "ఇందులో ఏం లేదమ్మా, రాత్రిపూట తిరుగుతుందని రాసి వదిలెయ్" అన్నారు. ఆ రాత్రి నిద్రపట్టక నోట్‌బుక్కు తిరగేస్తుంటే తిథులు కనిపించాయి. ప్రతి ఫోటోకీ ఆ కాలువలో పోటు నిండి ఎన్ని గంటలైందో బాబాయ్ లెక్కతో వెనక్కి కట్టాను. చెల్లాచెదురుగా ఉన్న టైముల్లో చాలావరకు ఒక చోటికి వచ్చి కూర్చున్నాయి. పాటు, అంటే పోటు తర్వాత నీళ్లు దిగిపోవడం, ముగిసే వేళకి. నీళ్లు లాగేశాక గుంటల్లో చిన్నచేపలు చిక్కుకుపోతాయి కదా, అప్పుడు. ఫోటోలు తక్కువ కాబట్టి థీసిస్‌లో ఒళ్లు దగ్గరపెట్టుకునే రాశాను. పది కెమెరాలతో ఒక్క సీజన్ చేసినవాళ్లు అంతకన్నా గట్టిగా మాట్లాడకూడదు.

మలం సంగతి క్లుప్తంగా చెబుతాను, భోజనవేళ చదివేవాళ్లుంటారు. ఎండబెట్టి, జల్లెడలో కడిగి, మిగిలినవాటిని ఏరాలి. పొలుసులు, ముళ్లు, పీత గిట్టల ముక్కలు, అప్పుడప్పుడు ఈకలు. చేపని పోల్చాలంటే పక్కన అసలు నమూనా ఉండాలి. అందుకని బజారుకెళ్లి జెల్లలు, పండుగప్ప, ఇంకా కాలువల్లో పడే చిన్నచేపలు కొని, ఉడకబెట్టి ఎముకలు దాచాను. జెల్ల సులువు. దానికి పొలుసు ఉండదు గానీ రంపపు పళ్ల ముల్లు ఉంటుంది, అది అరగదు. మా డాబా మీద ఆర్నెల్లు ఇదే పని. వంటింట్లో జల్లెడ ఒకటి కనిపించడం లేదని మా అత్తగారు మూడు రోజులు వెతికి, నాలుగోరోజు డాబా ఎక్కారు. తర్వాత ఆవిడ నాతో చాలాకాలం మర్యాదగానే ఉన్నారు గానీ నేను కలిపిన కాఫీ తాగలేదు.

అసలు తలనొప్పి నీటికుక్క. దాని రెట్టలోనూ చేపపొలుసులే. అది ఒకే చోటికి మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి గుట్టగా ఉన్నవి వదిలేశాను. పక్కన పిల్లి అడుగు స్పష్టంగా లేనివీ వదిలేశాను. డీఎన్‌ఏ పరీక్షకి డబ్బుల్లేవు. ఏరుకొచ్చినదాంట్లో సగానికి పైగా అట్లా పోయింది.

రేవులో చేపలు కొలవడం ఇంకో కథ. స్కేలు, తూకం పట్టుకుని వెళ్లిన మొదటి నెల ఎవరూ బుట్ట దించలేదు. ఒకాయన మొహం మీదే అడిగాడు: "మీరు రాసుకెళ్తే రేపు ఇక్కడ వలెయ్యొద్దంటారా?" అనరని నేను మాటివ్వలేను. నా రిపోర్టు ఒక కాపీ అటవీశాఖకి ఇవ్వాలన్నది పర్మిషన్‌లో షరతు. అదే చెప్పాను. ఏం రాశానో ముందు మీకు తెలుగులో చదివి వినిపిస్తాను అన్నాను. కొందరు దించారు, కొందరు చివరిదాకా దించలేదు. సినాప్సిస్‌లో "ఏడాది పొడవునా నెలకి రెండుసార్లు" అని గొప్పగా రాసుకున్నాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మర పడవలకి నిషేధమని మర్చిపోయి! కాలువల్లో విసురువల వేసే చిన్నవాళ్లు ఉండబట్టి ఆ రెండు నెలలూ గట్టెక్కాయి. నాకు కావలసింది కూడా నిజానికి వాళ్ల చేపలే.

ఇదంతా నడుస్తుండగా 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. నా టైటిల్లో "తూర్పు గోదావరి జిల్లా" అని ఉంది. తెల్లారేసరికి తాళ్లరేవు కాకినాడ జిల్లాకీ, అవతలి భైరవపాలెం కోనసీమకీ వెళ్లిపోయాయి. టైటిల్ మార్చడానికి మళ్లీ కమిటీ, మళ్లీ సంతకాలు. చివరికి "గోదావరి డెల్టా" అని పెట్టించాను. జిల్లాలు ఎన్నైనా చేసుకోనీ!

వైవాలో ఎగ్జామినర్ గారికి గడియల లెక్క బోర్డు మీద వేసి చూపించాను. ఆయన కాసేపు చూసి, "థీసిస్‌లో ఇది ఇంకో పేజీ ఎక్కువ రాయాల్సింది" అన్నారు. అంతే.

తర్వాతి ఆదివారం బాబాయ్ ఇంటికెళ్లాను. 7వ నంబరు ఫోటోని పెద్దది చేయించి ఫ్రేము కట్టించాను. ఆయన పిల్లిని చూడలేదు. కళ్లజోడు పైకి జరిపి దాని వెనకున్న చెట్టునీ గట్టునీ చూశాడు.

"ఈ నల్లమడ ఇప్పుడు లేదండి. ఆ జులై వరదకి గట్టు కోసేసిందండి. అక్కడ ఇప్పుడు మనిషి లోతు నీళ్లండి."

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. నా కెమెరాలు అంతకు నెల ముందే ఇంటికొచ్చేశాయి, మళ్లీ అటు వెళ్లలేదు. థీసిస్ మ్యాపులో 7వ పాయింటు నేల మీదే ఉంది. ఆరు కాపీలూ బైండింగ్ అయిపోయాయి.