పెద్దగట్టు మీద సిమెంటు దిమ్మె

దేవరకొండ వైపు చుట్టాలింటికి వెళ్లి, అటే, యురేనియం కోసం బోర్లు వేసిన పెద్దగట్టు చూసొచ్చాను. "ఇగో, ఇక్కడనే బోరేసిండ్రు" అని మామయ్య చూపించాడు. గడ్డి కమ్మిన చిన్న సిమెంటు దిమ్మె, అంతే.

నీళ్ల బోరు రాయిని పిండి చేసి పైకి చిమ్ముతుంది. యురేనియం కోసం వేసేది అలా కాదు. వజ్రాలు పొదిగిన బోలు బిట్టు గుండ్రంగా కోసుకుంటూ దిగితే, మధ్యలో రాయి కడ్డీలా మిగులుతుంది. దాన్ని పైకి తీసి, ఏ లోతుదో రాసి, పెట్టెల్లో వరుసగా పేరుస్తారు. తర్వాత, యురేనియం ఉన్నచోట ఎక్కువగా వచ్చే గామా కిరణాలను కొలిచే పరికరాన్ని రంధ్రంలోకి దించుతారు. ఇక్కడ అసలు వెతికేది పైనున్న శ్రీశైలం క్వార్ట్‌జైట్ (ఇసుకరాయి గట్టిపడి ఏర్పడిన రాయి) పొరలు కింది గ్రానైట్‌ను తాకే చోటు. లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాల్ నిక్షేపాలు ఆ హద్దు దగ్గరే దొరికాయి. ఆ శాస్త్రవేత్తల ఓపికకు దండం పెట్టాలి.

అయినా ఇక్కడ యురేనియం తవ్వడానికి నాకు మనసొప్పలేదు. పక్కనే సాగర్. హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు పోయేదీ అక్కడి నుంచే. ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిన పెద్దలను చూసిన జిల్లా మాది, నీళ్లంటే మాకు టెన్షన్ ఉండదా?

2019లో అమ్రాబాద్ పులుల అడవిలో 83 చదరపు కిలోమీటర్ల యురేనియం సర్వే మాట రాగానే చెంచులు ఎదురు తిరిగారు. సెప్టెంబరులో శాసనసభ కూడా వద్దని తీర్మానించింది. మంచి పని. ఇక పాత బోర్ల చుట్టుపక్కల నీళ్లు పరీక్షించి, ఫలితాలు తండాల్లో తెలుగులో అంటించాలి.