జువైనల్ హోమ్‌లో తొలి రెండు రాత్రులు

నేరం కేసుల్లో పట్టుబడ్డ పిల్లలను ఉంచే జువైనల్ హోమ్‌లో వాళ్ల మానసిక ఆరోగ్యం అనగానే అందరికీ కౌన్సెలింగే గుర్తొస్తుంది. పదిమందిని చాప మీద కూర్చోబెట్టి గంటసేపు మంచీచెడూ చెప్పడాన్ని కౌన్సెలింగ్ కింద రాసుకోవడం మామూలైపోయింది. అసలు పని పిల్లవాడు గేటు దాటి లోపలికొచ్చిన 48 గంటల్లోనే ఉంటుంది. హైదరాబాద్‌లో అయితే మరీను, ఎందుకంటే ఇక్కడ కల్తీ కల్లు ఉంది.

కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజెపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారు. రోజూ తాగేవాడికి అది ఒక్కసారిగా ఆగితే ఒకటి రెండు రోజుల్లో చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర ఉండదు, మాటకు పొంతన ఉండదు. ఫిట్స్ కూడా రావచ్చు. డైజెపామ్ ఒంట్లో నిదానంగా తగ్గుతుంది కాబట్టి ఇవన్నీ నాలుగైదు రోజులాగి మొదలైనా ఆశ్చర్యం లేదు. కాపలా ఉన్నవాళ్లకు మాత్రం అది పొగరులా కనిపిస్తుంది. "నకరాలు చేస్తుండు" అని ఒంటరిగా గదిలో వేస్తారు. ఫిట్స్ వస్తే చూసే దిక్కుండదు. అప్పుడు కావలసింది డాక్టరు. అదే జాతి మందును తగిన మోతాదులో మొదలుపెట్టి, మెల్లగా తగ్గిస్తూ ఆపాలి. గంజాయి మానేస్తే చిరాకు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం ఉంటాయి గానీ మామూలుగా ప్రాణం మీదికి రాదు. అందుకే "నషా చేస్తవా?" అన్న ఒక్క ప్రశ్న చాలదు. ఏది తీసుకుంటాడు, రోజుకెంత, చివరిసారి ఎప్పుడు, ఈ మూడూ తొలిరోజే రాసుకోవాలి. ఫిట్స్‌కో ఇంకోదానికో ముందునుంచీ మాత్రలు వాడుతున్నాడా అని తల్లికి ఫోన్ చేసి కనుక్కోవాలి. పట్టుకొచ్చిన రోజే ఆ మాత్రలు ఆగిపోతాయి, ఎవరికీ గుర్తుండదు.

మేసీ-2 అనే ప్రశ్నపత్రం సరిగ్గా ఈ తొలి గంటల కోసమే తయారైంది. 12 నుంచి 17 ఏళ్ల పిల్లలకు 52 ప్రశ్నలు, ఔను-కాదు జవాబులు, పది పదిహేను నిమిషాల పని. అది జల్లెడే, జబ్బు పేరు తేల్చేది డాక్టరు. అయితే ఏ ప్రశ్నపత్రమైనా పుస్తకాల తెలుగులో చదివితే పనికిరాదు. "డిప్రెషన్ ఉందా?" అంటే "లేదు సార్" అంటాడు. "రాత్రి నిద్ర పడ్తుందా? నడుమ ఎన్నిసార్లు లేస్తున్నవ్? బువ్వ తినబుద్ధయితుందా?" అంటే చెబుతాడు. చివర్లో నేరుగా, "సచ్చిపోవాలనిపిస్తుందా? ఎప్పుడన్నా అట్ల చేసుకున్నవా?" అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది ఉత్త భయం. పాతబస్తీ పిల్లవాడినైతే దక్కనీ ఉర్దూలో అడగాలి. పక్క పిల్లాడితో మాత్రం తర్జుమా చేయించొద్దు, సాయంత్రానికి హోమంతా తెలిసిపోతుంది.

కేసులో ఏం జరిగిందో ఈ కాగితం మీద అడగొద్దు, రాయొద్దు. ఈ కాగితం వైద్యం ఫైల్లోనే ఉండాలి.

చావు ప్రశ్నకు ఔనన్నాడంటే ఆ రాత్రి ఒంటరిగా పడుకోబెట్టకూడదు. పైజామా నాడా, పొడుగు తువ్వాలు తీసేయాలి, కిటికీ ఊచల పక్కన మంచం వద్దు. ప్రమాదం గట్టిగా ఉంటే ఒక మనిషి పక్కనే ఉండాలి. మిగతావాళ్లను పదిహేను నిమిషాలు మించకుండా చూసి రావాలి, అదీ లెక్కతప్పిన వేళల్లో. గడియారం ప్రకారం వెళితే పిల్లలు ఆ లెక్క పట్టేస్తారు.

ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వస్తే వెంట వచ్చే పోలీసు మఫ్టీలో రావాలి, సంకెళ్లు వేయకూడదు. ఓపీ చీటీ మీద నేరం పేరు అక్కర్లేదు. 2015 బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ పిల్లవాడి గుర్తింపు బయటపెట్టడాన్ని నిషేధిస్తుంది. అడ్మిట్ చేస్తే 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం పెద్దల వార్డులో ఉంచకూడదు.

16 నిండినవాళ్ల మీద ఘోర నేరారోపణ ఉంటే పిల్లల కేసులు చూసే బాల న్యాయ బోర్డు, పెద్దవాడిలా విచారించాలా అన్నది తేల్చడానికి, బాల న్యాయ చట్టం 15వ సెక్షన్ కింద ప్రాథమిక అంచనా వేస్తుంది, మూడు నెలల్లో పూర్తవ్వాలి. ఈ అంచనాలో బోర్డుకు సాయపడే సైకాలజిస్టు, వైద్యం చేసే సైకాలజిస్టు ఒకరే కాకూడదన్నది మా గట్టి అభిప్రాయం. నమ్మి చెప్పుకున్న మాట రిపోర్టులోకెక్కిందని తెలిస్తే పిల్లవాడు మళ్లీ నోరు విప్పడు. తెలివి కాస్త మందంగా ఉన్న పిల్లలు పెద్దవాళ్లు ఏమడిగినా తలూపుతారు. అలాంటివాళ్లను ఒకే విషయం రెండు రకాలుగా, ఒకటి ఔననేలా, ఒకటి కాదనేలా అడిగి చూడాలి.

బెయిలొచ్చిన రోజు అంతా హడావుడి, మందుల సంచి హోమ్‌లోనే మిగిలిపోతుంది. కనీసం రెండు వారాల మాత్రలు, ఆస్పత్రి చీటీ నకలు, తర్వాతి ఓపీ తేదీ తల్లి చేతికివ్వాలి. హోమ్ ముద్ర లేని చీటీ అయితే రేపు బడిలో చూపించినా ఇబ్బంది ఉండదు. రాత్రిపూట సాయం కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మాత్రల డబ్బా తల్లి దగ్గరే ఉండాలి, పూటకు పూట తనే ఇవ్వాలి. ఇల్లు కల్లు కాంపౌండ్ పక్కనే ఉంటే తొలి కొన్ని వారాలు వేరే బస్తీలో మేనమామ ఇంట్లోనో, అమ్మమ్మ దగ్గరో ఉంచేలా బోర్డును అడగమని ప్రొబేషన్ ఆఫీసర్‌కు ముందే చెప్పి ఉంచాలి.