ఖాళీ మంచం ఖరీదు

బెంగళూరు మారతహళ్ళి, మున్నేకొళాల, కుందలహళ్ళి సందుల్లో ఏ వైపు తిరిగినా పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) బోర్డులే. బాలాజీ, సాయి, వెంకటేశ్వర అన్న పేర్లు చూస్తేనే నడిపేది మనవాళ్ళని తెలిసిపోతుంది. నెల్లూరు, చిత్తూరు, కడప వైపు నుంచి వచ్చి, పొలం మీదో బంగారం మీదో అప్పు తెచ్చి బిల్డింగ్ తీసుకున్నవాళ్ళు ఇందులో చాలామంది. బెంగళూరు ఐటీ ఊపు మీదుందో చతికిలబడిందో తెలుసుకోవాలంటే వీళ్ళ వంటగదిలో ఈ రాత్రికి ఎన్ని కిలోల బియ్యం కడిగారో అడిగితే చాలు.

ఇప్పుడు కూడా ఊళ్ళ నుంచి "పీజీ పెడదామనుకుంటున్నాం, ఎలా ఉంటుంది?" అని అడిగేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ కోసమే ఈ లెక్క. పీజీని ముంచేది మాంద్యం ఒక్కటే కాదు. మంచి రోజుల్లో సంతకం పెట్టిన అద్దె అగ్రిమెంటు అంతకంటే ఎక్కువ ముంచుతుంది.

ఒక బిల్డింగ్ తీసుకుందాం. 20 గదులు, గదికి 3 మంచాలు, మొత్తం 60. అద్దె నెలకు 1,60,000. అడ్వాన్స్ బెంగళూరు అలవాటు ప్రకారం 10 నెలలది, అంటే 16 లక్షలు. మంచాలు, పరుపులు, బీరువాలు, గీజర్లు, వంట సామాను కలిపి ఇంకో 11 లక్షలు. ఈ 27 లక్షల్లో 15 లక్షలు ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి, నెలకు 30,000 వడ్డీ. వంట మాస్టరు, ఇద్దరు హెల్పర్లు, క్లీనింగ్ మనిషి, అందరి జీతాలు 70,000. వైఫై, ప్లంబర్, చిన్నాచితకా రిపేర్లు 10,000. అన్నీ కలిపితే 2,70,000. లోపల అరవైమంది ఉన్నా ఆరుగురున్నా ఇది కట్టాల్సిందే.

ఇక మనిషిని బట్టి పెరిగే ఖర్చు. మూడు పూటల సరుకులు, కూరగాయలు, పాలు, గుడ్లు, వారానికి రెండుసార్లు చికెన్ కలిపి 1,800. గ్యాస్ 300. కరెంటు, నీళ్ళు 400. మనిషికి 2,500. మంచానికి 8,000 తీసుకుంటే చేతిలో మిగిలేది 5,500.

అరవై మంచాలూ నిండితే 3,30,000 మిగులుతుంది. ఆగని ఖర్చులు పోగా 60,000. పగలూ రాత్రీ అక్కడే ఉండి చూసుకున్న కుటుంబానికి దక్కేది ఇంతే. 11 మంచాలు ఖాళీ అయ్యాయంటే ఆ 60,000 పోయింది. ఇరవై ఖాళీ అయితే నెలకు 50,000 ఎదురు పెట్టాలి. మూడింట రెండొంతులు నిండిన బిల్డింగ్ చూసేవాళ్ళకు కళకళలాడుతూనే ఉంటుంది, లోపల మాత్రం డబ్బు కారిపోతూ ఉంటుంది. ఈ వ్యాపారంలో ముందుగా బుర్రకెక్కాల్సింది ఈ 49 అనే అంకె. ఎవరి బిల్డింగ్‌కు వాళ్ళ 49 ఎంతో సంతకానికి ముందే కాగితం మీద తేల్చుకోవాలి.

మరి అంత అద్దెకు ఎందుకు ఒప్పుకుంటారు? 2021 చివర్నుంచి 2022 దాకా జరిగింది గుర్తు చేసుకోండి. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వడ్డీ దాదాపు సున్నా, ఇక్కడ రెపో రేటు (బ్యాంకులకు ఆర్‌బీఐ ఇచ్చే అప్పు మీద వడ్డీ) 4 శాతం. కోవిడ్ దెబ్బకు ప్రతి కంపెనీ ఆన్‌లైన్‌కు పరుగెత్తింది, ఐటీలో మనుషులు దొరకలేదు. 2022 జూన్ త్రైమాసికంలో ఇన్ఫోసిస్‌లో ఉద్యోగం వదిలి వెళ్ళేవాళ్ళ శాతం 28.4కు చేరిందంటే, ఉద్యోగాలు మారేవాళ్ళ జోరు ఎలా ఉందో ఊహించుకోవచ్చు. ఆఫీసులు తెరుచుకోవడం, ఫ్రెషర్లు గుంపులుగా దిగడం ఒకేసారి జరిగాయి. మంచం ఖాళీ అయిన పూటే ఇంకొకరు బ్యాగుతో గేటు దగ్గర నిలబడేవారు. అప్పుడు బిల్డింగ్ చూడటానికి వెళ్ళినవాళ్ళు గదికి మూడు కాదు, నాలుగో మంచం కూడా లెక్కేసి అద్దె ఒప్పుకున్నారు. వాపును బలుపనుకోవడం అంటే ఇదే. పైగా 2024లో బెంగళూరు నగరపాలక సంస్థ బీబీఎంపీ ఇచ్చిన పీజీ మార్గదర్శకాల ప్రకారం మనిషికి కనీసం 70 చదరపు అడుగులు ఉండాలి. నాలుగో మంచానికి 280 అడుగుల గది కావాలి. అంత గది ఈ బిల్డింగుల్లో ఎక్కడుంది?

ఓనర్ అద్దె తగ్గించకపోవడానికి ఆయన కారణం ఆయనకుంది. అదే ఊపులో ఆయనా బ్యాంకు లోన్ మీద బిల్డింగ్ లేపాడు. కోటి రూపాయల లోన్, 20 ఏళ్ళు, 7 శాతం అయితే ఈఎంఐ సుమారు 77,500. 2022 మేలో మొదలుపెట్టి 2023 ఫిబ్రవరికల్లా ఆర్‌బీఐ రెపోను 4 నుంచి 6.5కు తీసుకెళ్ళింది. లోన్ రేటు 9.5 అయితే అదే ఈఎంఐ 93,000 దాటుతుంది. కిందవాడికి మంచాలు ఖాళీ అయ్యే వేళకు పైవాడికి కిస్తీ పెరిగింది. ఇద్దరి మీదా దెబ్బ ఒకే మూలం నుంచి, వడ్డీల పెంపు నుంచి వచ్చింది. ఫెడరల్ రిజర్వ్ కూడా 2022 మార్చి నుంచి 2023 జులై లోపల వడ్డీని 5.25–5.50 శాతానికి పెంచింది. స్టార్టప్‌లకు డబ్బు ఎండిపోయింది, అమెరికా క్లయింట్లు ప్రాజెక్టులు వాయిదా వేశారు, ఆఫర్ లెటర్లు అందుకున్న పిల్లలకు జాయినింగ్ తేదీలు రాలేదు. 2023-24 ఆర్థిక సంవత్సరం ముగిసేసరికి టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో మూడింటిలో కలిపి ఉద్యోగులు 60 వేలకు పైగా తగ్గారు. పీజీకి అన్నం పెట్టేది ఫ్రెషరే. వాడు రాకపోతే మంచం నిండదు.

అయితే మంచాలు ఖాళీ కావడం మొదటి గుర్తు కాదు. అంతకు ముందే రిజిస్టర్ చెబుతుంది. ఆఫీసు టేబుల్ మీద ఉండే ఆ పొడుగు పుస్తకం తెరవండి. గది నంబరు, మంచం, పేరు, చేరిన తేదీ, అడ్వాన్స్, కట్టిన తేదీ. చివరి గడి ఒక్కటే చూసుకుంటూ రండి. మంచి రోజుల్లో అది 1 నుంచి 5 మధ్యలోనే ఉంటుంది. తర్వాత 8, 10, 12 కనబడతాయి, కొన్ని గడుల్లో "సగం" అని రాసి ఉంటుంది. ఆ పైన గది నంబరు గడిలో కొట్టివేతలు మొదలవుతాయి. ఒక మంచం, రెండు మంచాల గదులు కూడా ఉన్న పీజీల్లో 301 సింగిల్ కొట్టేసి 204 డబుల్, 204 కొట్టేసి 107 ట్రిపుల్. ఉద్యోగం పోయిన మనిషి వెంటనే ఊరెళ్ళడు. ముందు ఖర్చు తగ్గించుకుంటాడు. అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి పీజీకి వచ్చేవాళ్ళు కూడా ఉంటారు. అందుకే మాంద్యం తొలి నెలల్లో ట్రిపుల్ షేరింగ్ నిండుతుంది, నడిపేవాళ్ళకు ధైర్యం వస్తుంది. ఆ ధైర్యంలో ఇంకో బిల్డింగ్ తీసుకున్నవాళ్ళు పూర్తిగా మునిగారు. సింగిల్, డబుల్ ఖాళీ అవుతూ ట్రిపుల్ నిండుతోందంటే అది కష్టం ముంచుకొస్తున్న గుర్తు.

మంచాలు ఖాళీ కాగానే అందరూ చేసే పని రేటు తగ్గించడం. పక్కవాడు 7,000 అని బోర్డు పెట్టాడు, మనమూ పెట్టేద్దాం అని. లెక్క చూడండి. 8,000 మీదే ఉండి 42 మంచాలు నిండితే మిగులు 2,31,000, నష్టం 39,000. 7,000కు తగ్గించి 50 నింపితే మంచానికి మిగిలేది 4,500, మొత్తం 2,25,000, నష్టం 45,000. ఎనిమిదిమంది ఎక్కువొచ్చినా నష్టం పెరిగింది, పనీ పెరిగింది. 7,000 రేటులో సున్నాకు చేరాలన్నా 60 మంచాలూ నిండాలి. పైగా రేటు తగ్గించిన సంగతి పాతవాళ్ళకు సాయంత్రానికే తెలిసిపోతుంది, వాళ్ళకూ తగ్గించక తప్పదు. తగ్గించాలనుకుంటే కొత్తగా చేరేవాళ్ళకు మొదటి రెండు నెలలే తగ్గించండి, లేదా ఆరు నెలలు ఉంటానన్నవాళ్ళకు చివరి నెలలో వెయ్యో రెండువేలో వదిలేయండి. బోర్డు మీద రేటు మాత్రం కదిలించకండి.

ఖాళీ మంచాలకు రోజువారీ గెస్టులను తెచ్చుకోవచ్చు కానీ ఒక మెలిక ఉంది. 2024 జులై 15 నుంచి మనిషికి నెలకు 20,000 లోపు ఉండే వసతికి జీఎస్టీ మినహాయింపు ఉన్నది వరసగా కనీసం 90 రోజులు ఉండేవాళ్ళ విషయంలోనే. రెండ్రోజుల గెస్టు అందులోకి రాడు. ఆడిటర్‌ను అడిగాకే ఆ బోర్డు పెట్టండి.

రేటు తర్వాత చెయ్యి పడేది వంట మీద. రెండు చికెన్ల బదులు ఒకటి, తర్వాత ఆ ఒక్కటీ గుడ్డు కూర, పప్పు పల్చబడటం, పెరుగు బదులు మజ్జిగ. నా దృష్టిలో ఇంతకంటే పెద్ద తప్పు లేదు. మనిషికి 1,800లో 300 మిగిల్చితే 45 మందికి 13,500 మిగులుతుంది. అన్నం బాగాలేదని ముగ్గురు వెళ్ళిపోతే 16,500 పోతుంది. మారతహళ్ళిలో పీజీ మారడానికి రోడ్డు దాటితే చాలు, సూట్‌కేసు మోసే శ్రమ కూడా లేదు.

సరుకుల ధర మంచాలు ఖాళీ అయ్యాయని తగ్గదు కూడా. 2022 జులై 18 నుంచి 25 కిలోల దాకా ఉన్న ప్యాక్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడింది. అందుకే మిల్లులు 26 కిలోల బస్తాలు తెచ్చాయి. కొనేటప్పుడు బస్తా మీద బరువు చూసుకోండి. 2023 జులైలో టమాటా కిలో వంద దాటింది, ఆ నెల 20న కేంద్రం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని ఆపాల్సి వచ్చేంతగా బియ్యం ధరలు పెరిగాయి. ఐటీలో మనుషులు తగ్గింది కూడా ఆ ఏడాదే. హోటల్ వాడే 19 కిలోల సిలిండర్ ధర ప్రతి నెలా 1న మారుతుంది. అరవైమందికి పెట్టిన సాంబారు గిన్నెను నలభైమందికి పెట్టినా స్టవ్ మండే సమయం పెద్దగా తగ్గదు. ఖాళీలు పెరిగినప్పుడు మనిషికి 2,500 అనుకున్నది 2,700, 2,800 అవుతుంది. గిన్నె మార్చకపోతే సగం సాంబారు మురిక్కాలవ పాలు. మనుషులు 45 కంటే తగ్గగానే చిన్న గిన్నెలకు మారండి, ఆదివారం రాత్రి భోజనం కావాలో వద్దో మధ్యాహ్నమే వాట్సాప్‌లో అడగండి.

ఇక అన్నిటికంటే నిశ్శబ్దంగా ముంచేది చేరేవాళ్ళ దగ్గర తీసుకునే అడ్వాన్స్. ఒక నెల చొప్పున అరవైమందివి 4,80,000. ఇది మీ డబ్బు కాదు, వాళ్ళది. చాలామంది దీంతోనే మంచాలు కొంటారు, ఊళ్ళో వడ్డీ కడతారు. కష్టకాలం వచ్చేసరికి ఒకే నెలలో 15 మంది "అంకుల్, ఈ నెల అడ్వాన్స్‌లో పట్టుకోండి, నెలాఖరుకు ఖాళీ చేస్తాం" అంటారు. తప్పేమీ లేదు, ఉద్యోగం పోయిన పిల్లాడు ఇంకేమంటాడు? కానీ ఆ నెల 1,20,000 చేతికి రాదు, వాళ్ళు తినేది మాత్రం తింటారు. అడ్వాన్సుల్లో కనీసం సగాన్ని బ్యాంకులో వేరే ఖాతాలో ఉంచండి. ఈ పని మొదటి నెల నుంచే చేయాలి. మధ్యలో మొదలుపెట్టడం ఎవరికీ సాధ్యం కాదు.

2020 మార్చి 25న లాక్‌డౌన్ పడ్డప్పుడు గేట్లకు తాళాలు ఓనర్ల కళ్ళముందే పడ్డాయి, సగం అద్దెకు ఒప్పుకున్నవాళ్ళూ ఉన్నారు. నెమ్మదిగా దిగే మాంద్యంలో ఆ వెసులుబాటు దొరకదు. "మనుషులు తిరుగుతూనే ఉన్నారుగా" అంటాడు ఓనర్. అద్దె ఆగిన నెల నుంచి 16 లక్షల అడ్వాన్స్‌లో నెలకు 1,60,000 చొప్పున తరుగుతూ పోతుంది. సరిగ్గా పది నెలలు. అందుకే ఐటీలో ఉద్యోగాలు పోయిన వార్తలకూ, "రన్నింగ్ పీజీ ఫర్ సేల్" బోర్డులకూ మధ్య దాదాపు ఏడాది ఎడం ఉంటుంది. అమ్మేవాడు చెప్పే గుడ్‌విల్ (నడుస్తున్న పీజీ పేరు మీద అడిగే) ధర ఎప్పటి ఆదాయం మీద లెక్కేశాడో అడగండి. గత మూడు నెలల రిజిస్టరు, కరెంటు బిల్లులు, గ్యాస్ బిల్లులు పక్కపక్కన పెట్టి చూడండి. రిజిస్టర్లో 58 మంది ఉండి సిలిండర్లు సగమే ఖర్చయితే ఆ 58 అబద్ధం.

అగ్రిమెంట్ రాసేటప్పుడు ఓనర్ లాక్-ఇన్ (ఇంతకాలం ఖాళీ చేయకూడదన్న షరతు) అడిగితే అది ఇద్దరికీ ఒకే గడువు ఉండేలా చూడండి. మీకు మూడు నెలల నోటీసుతో బయటికొచ్చే దారి ఉండాలి. ఏటా 5 శాతం పెంపు అని రాస్తే, 45 మంచాల కంటే తక్కువ నిండిన ఏడాది పెంపు లేదని కూడా రాయించండి. మంచాలు, గీజర్లు, నీళ్ళ ఫిల్టర్లు ఎవరివో జాబితా వేసి సంతకాలు తీసుకోండి. బిల్డింగ్ ఏ బ్యాంకులో తాకట్టులో ఉందో ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించి చూడండి. ఓనర్ కిస్తీలు ఆగిపోతే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు బిల్డింగ్ స్వాధీనం చేసుకుంటుంది, అప్పుడు మీ 16 లక్షల కోసం ఎవరి వెంట తిరుగుతారు? అడ్వాన్స్ మొత్తం ఒకేసారి ఇవ్వకుండా సగం ఇప్పుడు, సగం ఆరు నెలలకు అని అడగండి. ఖాళీ బిల్డింగులు ఎక్కువున్న రోజుల్లో ఒప్పుకుంటారు.

వదిలేయాల్సి వస్తే ఆలస్యం చేయకండి. అడ్వాన్స్‌లో ఇంకా ఐదారు నెలలు మిగిలి ఉండగానే నోటీసు ఇవ్వండి. పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె ఎలాగూ పట్టుకుంటారు. బెస్కాం ఆఖరి కరెంటు బిల్లు కట్టిన రసీదు, మీటరు ఫొటో దగ్గర పెట్టుకోండి. మంచాలు, పరుపులు అమ్మడానికి చివరి వారం దాకా ఆగకండి. అందరూ ఖాళీ చేసే రోజుల్లో ఇనప మంచం కొనే పీజీ ఉండదు, పాత ఇనప సామాన్లవాడు కిలోల లెక్కన తూకం వేసి తీసుకెళ్తాడు.