పిట్ట మొహం ఎటు?

అమ్మమ్మగారింట్లో మధ్యగదికి రెండు రెక్కల టేకు తలుపు. ఒక్కో రెక్క పైభాగంలో ఒక్కో అద్దం, అద్దం మీద చెక్కిన తీగ, తీగ చివర పిట్ట. మొన్నటి గాలివానకి కుడి రెక్క ధడాలున కొట్టుకుని అద్దం పిట్టతో సహా ముక్కలైంది. రాజమండ్రిలో అడిగితే స్టిక్కర్ వేసిస్తామన్నారు. "స్టిక్కరేంట్రా, దరిద్రంగా" అని మావయ్య నన్ను గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కించి తనూ ఎక్కాడు.

గురువారం పొద్దున్నే నాంపల్లిలో దిగాం. పురానాపూల్ దగ్గర జుమ్మెరాత్ బజార్ ఆ రోజే మరి. జుమ్మెరాత్ అంటేనే గురువారం. తుప్పు తాళాలూ తిరగని ఫ్యాన్లూ దాటుకుంటూ వెళ్తే ఓ పాత కలప దుకాణం. కూల్చిన ఇళ్ల తలుపులన్నీ గోడకి చేరగిలబడి ఉన్నాయి. పెద్దాయన ఒక రెక్క బయటికి లాగి, "పక్క నుంచి చూడండి సార్" అన్నాడు. ఎదురుగా ఉన్న కరెంటు స్తంభం అద్దంలోంచి వంకర్లు తిరిగింది. 1959లో పిల్కింగ్‌టన్ కంపెనీ ఫ్లోట్ గ్లాస్, అంటే కరిగిన తగరం మీద తేల్చి చేసే గాజు, ప్రకటించింది, ఇప్పటి అద్దాల నునుపంతా దాని చలవే. పాతవాటిలో ఇలా సన్నటి అలలుంటాయి.

"ఇప్పుడు పువ్వు మీద వేలు పెట్టండి." పెట్టాను. చూపుకి మంచు పట్టినట్టుంది, వేలికి మాత్రం పట్టులా తగిలింది. అది యాసిడ్ పని. అద్దానికి మైనమో తారో పూసి, బొమ్మ మేర గీకేసి, హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ పడితే గీకిన చోటే అద్దం కరుగుతుంది. ఒంటి మీద పడితే చర్మం దాటి ఎముక దాకా దిగే యాసిడ్ అది. "ఇప్పుడెవ్వరూ చేస్తలేరు సార్" అన్నాడు, నాకేం ఆశ్చర్యం అనిపించలేదు. అద్దం ఒక్కటే ఇమ్మంటే ఒప్పుకోలేదు. లప్పం రాయిలా బిగుసుకుపోయింది, ఊడదీస్తే పగులుతుందట. తలుపు మొత్తం కొనే స్తోమత మాకు లేదు.

ఆయనే పక్క గల్లీలో ఇసుక కొట్టే కుర్రాడి దగ్గరికి పంపాడు. స్టెన్సిల్ అంటించి, గాలి ప్రెషర్‌తో ఇసుక కొడతాడు. ఈ పద్ధతికి 1870లోనే అమెరికాలో టిల్గ్‌మన్ పేటెంట్ తీసుకున్నాడు. మిగిలిన రెక్క మీద బటర్ పేపర్ పెట్టి గీసుకొచ్చిన బొమ్మ ఇచ్చాను. కుర్రాడు ఒక్క చూపు చూసి, "రెండో రెక్కల పిట్ట ఎటు చూస్తది సార్?" అన్నాడు. నాకు చెమటలు పట్టాయి. నేను గీసింది ఎడమ రెక్క బొమ్మ. అలాగే చేయిస్తే రెండు పిట్టలూ ఒకేవైపు చూస్తూ, ఒకటి రెండోదానికి వీపు తిప్పేసేది. వాడు నవ్వి కాగితం బోర్లించాడు, అంతే.

టఫెన్డ్ గ్లాస్, అంటే వేడి చేసి గట్టిపరిచిన అద్దం, కావాలని మావయ్య పట్టు. "టఫెన్డ్ చేసినంక కొయ్యలేం సార్. ముందే కోసి ఫ్యాక్టరీకి పంపాలె, వారం పడ్తది." వారం ఎక్కడుంటాం? మామూలు అద్దానికే, పగిలినా ముక్కలు రాలకుండా వెనక పారదర్శక ఫిల్మ్ అంటిస్తానన్నాడు. మావయ్య నా వైపు చూశాడు. మళ్లీ స్టిక్కరే!

శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్తే సెలవు. నిజాంల చౌమహల్లా ప్యాలెస్ కూడా అంతే. శనివారం చౌమహల్లా దర్బారు హాలు ఖిల్వత్‌లో జనమంతా 19 షాండ్లియర్ల కోసం తలెత్తుకుని తిరుగుతుంటే, మావయ్య తలుపుల మడతబందులు చూస్తూ నిలబడ్డాడు.

అద్దం సాయంత్రానికి వచ్చింది. వేలికి కాస్త గరుకే, పట్టు కాదు. కానీ పిట్ట ఇటే చూస్తోంది. దుప్పట్లో చుట్టి, కింది బెర్తు దానికిచ్చేసి, మావయ్య మోకాళ్లు పట్టుకుంటూ పైకెక్కాడు.