మర్ఫీగాడు ఆగాడు

డ్రెసాజ్, అంటే గుర్రాన్ని చిన్న చిన్న సైగలతోనే చెప్పినట్టు నడిపించే పోటీ ఆట, నేర్చుకుంటున్నా అని చెప్తే మనవాళ్ళందరూ అడిగేది ఒకటే, "గుర్రం డాన్సా? పెళ్లి ఊరేగింపులో బ్యాండు ముందు ఆడిస్తారే, అదేనా?" అని. మొదట్లో ఒళ్ళు మండేది, ఇప్పుడు అలవాటైపోయి "ఆ, అదే" అనేస్తున్నా. ఒలింపిక్స్‌లో చూపించే పియాఫ్, పసాజ్ లాంటివి, అంటే ఉన్నచోటే ట్రాట్ (నడక కంటే జోరు, దౌడు కంటే తక్కువ) చేస్తున్నట్టు కాళ్ళు ఎత్తడం, గాల్లో తేలినట్టు ఒక్కో అడుగూ వెయ్యడం, అవి చూస్తే ఎవరికైనా డాన్స్ అనే అనిపిస్తుంది, తప్పేం లేదు. కానీ దానికీ నేను చేసేదానికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా. నాది ఇంట్రో లెవెల్, మెట్లన్నిటిలో అడుగు మెట్టు. నడక, ట్రాట్, ఇరవై మీటర్ల గుండ్రాలు, చివర్లో మధ్య గీత మీదకి వచ్చి ఆగి జడ్జికి దణ్ణం పెట్టడం, అంతే. ఆ ఆగడం నేర్చుకోడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

అసలు ఈ పిచ్చి ఎక్కడ మొదలైందంటే, మేముండేది నార్త్ కరోలినాలో, క్యారీ దగ్గర. 2018 సెప్టెంబర్‌లో మా రాష్ట్రంలోనే ట్రయాన్ అనే చోట వరల్డ్ ఈక్వెస్ట్రియన్ గేమ్స్ జరిగాయి. ఆఫీసులో నా పక్క సీటావిడకి గుర్రాలంటే ప్రాణం, తనతో పాటు నాకూ డ్రెసాజ్ ఫ్రీస్టైల్‌కి టికెట్ కొనేసింది, మ్యూజిక్ పెట్టుకుని చేసే ఈవెంట్ అది. సరిగ్గా ఆ వారమే ఫ్లోరెన్స్ తుఫాను వచ్చింది, ఫ్రీస్టైల్ క్యాన్సిల్. చూడని ఆట మీద మోజు పుట్టడం ఏంటో గానీ, బయట వాన దంచుతుంటే ఇంట్లో కూర్చుని పాత వీడియోలన్నీ చూశా. వలెగ్రో అనే గుర్రం 2014 డిసెంబర్‌లో లండన్‌లో 94.3 శాతం తెచ్చుకుని వరల్డ్ రికార్డు కొట్టిన వీడియో అయితే ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. పైన కూర్చున్న షార్లట్ డుజార్డిన్ ఏమీ చెయ్యట్లేదు, ఊరికే కూర్చుంది, గుర్రమే అన్నీ చేసుకుపోతోంది అనిపించింది. ఏమీ చెయ్యకుండా కూర్చోవడమేగా, మనవల్ల కాదా అనుకున్నా. హహ.

కట్ చేస్తే 2022. మధ్యలో పాఠాలు, కోవిడ్, మళ్ళీ పాఠాలు, అవన్నీ వదిలేయండి. 2022లో మర్ఫీగాడిని హాఫ్ లీజుకి తీసుకున్నా, అంటే వారంలో మూడు రోజులు వాడు నావాడు, మిగతా రోజులు ఇంకొకరివాడు. థరోబ్రెడ్, అంటే రేసుల కోసం పెంచే జాతి గుర్రం, ముదురు గోధుమరంగు, నుదుటి మీద వంకర తెల్ల మచ్చ. ఎత్తు 16.1 హ్యాండ్స్, హ్యాండ్ అంటే నాలుగు అంగుళాలు కాబట్టి వీపు దగ్గరే ఐదడుగుల ఐదంగుళాలు, నేను మొత్తం ఐదడుగుల ఒక్క అంగుళం. స్టూలు లేకుండా ఎక్కే ప్రశ్నే లేదు. పై పెదవి తిప్పి చూస్తే లోపల పచ్చబొట్టు ఉంటుంది, ఇక్కడ రేసు గుర్రాలకి అలా వేసేవాళ్ళు, ఇప్పుడు మైక్రోచిప్ వచ్చింది లెండి. మొదటి అక్షరం పుట్టిన సంవత్సరం, మావాడిది కె, అంటే 2007. ఆ నంబర్ పట్టుకుని పాత రికార్డులు తీస్తే పదకొండు రేసులు పరిగెత్తాడు, ఒక్కటీ గెలవలేదు. ఆ రోజే వాడి మీద ప్రేమ రెట్టింపైంది.

ఇంట్లో చెప్పడం మాత్రం ఇంకో కథ. మాది నల్గొండ వైపు, నేను పెరిగింది దిల్‌సుఖ్‌నగర్‌లో, కోఠికి బస్సులో వెళ్తున్నప్పుడు మలక్‌పేట రాగానే నాన్న రేస్‌కోర్స్ వైపు చూపించి "అగో, అండ్ల పోయినోడు ఇల్లు అమ్ముకున్నడే తప్ప ఇల్లు కట్టినోడు లేడు" అనేవాడు. అలాంటి మనిషికి ఫోన్ చేసి నాన్నా నేను రేసు గుర్రాన్ని తీసుకున్నా అని చెప్పా. రెండు నిమిషాలు మాట్లాడలేదు. రిటైరైందని, పందాలు కాదని ఎంత చెప్పినా చివరికి "నెలకెంత?" అన్నాడు. లీజు, పాఠాలు, లాడాల ఖర్చులో నా వాటా అన్నీ కలిపి చెప్తే "గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదంటరు, గిదే" అన్నాడు. గుడ్డిది కాదు నాన్నా, కాస్త మోకాళ్ళ నొప్పులంతే. ఇంతకీ ఇక్కడ ఉలవలు పెట్టరు, ఎండుగడ్డి, ఓట్స్, నానబెట్టిన బీట్ పల్ప్ (చక్కెర తీశాక మిగిలే దుంప పిప్పి). ఉలవచారు గురించి మా కోచ్‌కి చెప్తే, గుర్రాల తిండి మీరు చారు కాచుకుంటారా అని పడిపడి నవ్వింది.

సరే అసలు విషయం. రేసు గుర్రానికి చిన్నప్పటి నుంచి నేర్పేది ఏంటంటే, పగ్గాలు బిగిస్తే కళ్ళెం మీద బరువేసి ముందుకి తొయ్యి అని. జాకీ బిగించి పట్టుకున్నాడంటే పని మొదలైనట్టు. మరి నాలాంటిది ఎక్కి, కొంచెం వేగం పెరగ్గానే భయపడి ఏం చేస్తుంది? లాగుతుంది. నేను లాగుతా, వాడు ఇంకా స్పీడు పెంచుతాడు, నేను ఇంకా లాగుతా. ఆగమనే కదరా లాగుతున్నా అని నా ఏడుపు, పరిగెత్తమనే కదే లాగుతున్నావు అని వాడి ఏడుపు. ఇద్దరం ఎవరి భాషలో వాళ్ళం కరెక్టే. మొదటి ఆరు నెలలూ పాఠం అయ్యేసరికి నా భుజాలు పడిపోయేవి, వాడి నోటి పక్కన నురగ, మెడ పైకెత్తి వీపు కిందకి జారేసి ఒంటెలా నడిచేవాడు.

కోచ్‌కి అరవై దాటాయి, గొంతు మాత్రం ఊరంతా వినబడుతుంది. ఒకరోజు విసుగొచ్చి నా చేతుల్లోంచి పగ్గాలు తీసేసింది, రికాబులూ తీసేసింది. మర్ఫీగాడిని పొడుగు తాడుతో తన చుట్టూ తిప్పుతూ నన్ను చేతులు నడుం మీద పెట్టుకుని ఊరికే కూర్చోమంది. వియన్నాలో స్పానిష్ రైడింగ్ స్కూల్ అని ఉంది కదా, తెల్ల గుర్రాలది, అక్కడ చేరిన పిల్లలకి నెలల తరబడి ఇదే పనంట, పగ్గాలు ముట్టుకోనివ్వరు. నాకు నాలుగు నెలలు వారానికోసారి అదే శిక్ష. మొదటిరోజు జూలు పట్టుకుని గోవిందా గోవిందా అనుకుంటూ కూర్చున్నా, రెండు తొడలూ ఒరుసుకుపోయి మర్నాడు ఆఫీసు కుర్చీలో కూర్చోలేక నిలబడి మీటింగులు చేశా. కానీ ఒక పది వారాలయ్యాక ఒక విచిత్రం జరిగింది. కోచ్ ఏమీ చెప్పకుండానే నేను ఊపిరి వదిలి, నడుము వాడి నడకతో పాటు ఊగడం ఆపేసి, తొడలు కొంచెం దగ్గరికి తెచ్చా, వాడు ట్రాట్ నుంచి నడకకి, నడక నుంచి నిలబడ్డానికి వచ్చేశాడు. పగ్గాలు లేవు, నోటితో ఏమీ అనలేదు. చెవులు వెనక్కి తిప్పి, ఇంతసేపటికి చెప్పావా అన్నట్టు చూశాడు. నాకు ఏడుపొచ్చింది, నిజంగా.

అయినా పగ్గాలు మళ్ళీ చేతికి రాగానే చేతులు పాత పాటే, మెదడు నేర్చుకుంది గానీ వేళ్ళు నేర్చుకోలేదు. 2023 మేలో మొదటి షో, ఇంట్రో టెస్ట్ బి. చిన్న అరేనా, 20 మీటర్లు బై 40, చుట్టూ అక్షరాలు, ఏ దగ్గర లోపలికొస్తే కె, ఇ, హెచ్, సి, ఎం, బి, ఎఫ్ అని తిరగాలి, మధ్యలో ఎక్స్, అది కంటికి కనిపించదు, ఊహించుకోవడమే. టెస్టు గట్టిగా చదివి వినిపించే మనిషిని పెట్టుకోవచ్చు, మా ఆయన్ని పెట్టుకున్నా. గాలి వీస్తోంది, ఆయన "ఇ దగ్గర సర్కిల్" అంటే నాకు "బి" అని వినబడింది, ఇ దాటేసి జోరుగా పోతున్నా, జడ్జి బెల్ కొట్టింది. తప్పు దారి పట్టినందుకు 2 మార్కులు కట్. (ఆ రాత్రి ఇంట్లో ఎవరు గట్టిగా అరవలేదు అనే టాపిక్ మీద చర్చ జరిగింది, అది ఇక్కడొద్దు.) చివర్లో ఎక్స్ దగ్గర ఆగాలి కదా, నేను లాగా, వాడు తల విదిలించి, ఒక అడుగు పక్కకి, రెండు వెనక్కి, నేను నమస్కారం పెడుతుంటే బయల్దేరిపోయాడు. ఆగడానికి పదికి 4. పక్కన జడ్జి రాయించిన మాట, "చేతికి ఎదురు తిరిగాడు". మొత్తం 54.375 శాతం. అమ్మకి చెప్తే, "యాభై నాలుగా, సెకండ్ క్లాసు అన్నట్టు" అంది, అంతే, ఇంకేం అడగలేదు.

అదే ఏడాది సెప్టెంబర్ 26న పొద్దున్నే అమ్మ ఫోను. "టీవీల చూపిస్తున్రు, మనోళ్ళకి గుర్రాల మీద గోల్డు వచ్చిందంట, నువ్వు చేసేది గదేనా?" హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్, డ్రెసాజ్ టీమ్ గోల్డ్. సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనూష్ అగర్వల్లా. 209.205 స్కోరు. 1982 ఢిల్లీ తర్వాత గుర్రాల ఆటల్లో మనకి మళ్ళీ గోల్డ్ రావడం 41 ఏళ్ళకి. అవునమ్మా అదే అన్నా. "మరి నీకు యాభై నాలుగే ఎందుకొచ్చింది?" ఏం చెప్పను. కానీ ఆ రోజు నుంచి నాన్న పందాల మాట ఎత్తలేదు. అనూష్ తర్వాతి ఏడాది పారిస్ ఒలింపిక్స్‌కి కూడా వెళ్ళాడు, డ్రెసాజ్‌లో మన దేశం నుంచి మొదటివాడు, అమ్మా నాన్నా అది కూడా చూశారు.

ఇక్కడ షోల్లో నాలాంటి వాళ్ళని అడల్ట్ అమెచ్యూర్ అంటారు, అంటే గుర్రాల పని మీద డబ్బు సంపాదించకుండా తగలేసే పెద్దవాళ్ళు. నేను ఒకసారి నా కాళ్ళు పొట్టివి, వయసు నలభై దాటింది, నా వల్ల కాదు అని ఏడిస్తే కోచ్ నాకు పాత కథలు చెప్పింది. 1948 వరకు ఒలింపిక్స్ డ్రెసాజ్ ఆర్మీ ఆఫీసర్లకే, ఆడవాళ్ళు కాదు కదా సార్జెంటుకి కూడా ప్రవేశం లేదు. 1948 లండన్ గేమ్స్‌లో స్వీడన్ టీమ్ గోల్డ్ గెలిచాక, వాళ్ళలో గేనాల్ పెర్సన్ అనే ఆయన్ని ఆ గేమ్స్ కోసమే ఆఫీసర్‌గా చూపించారని తేలి మెడల్ లాగేసుకున్నారు. 1952 హెల్సింకికి రూల్ మార్చారు, పెర్సన్ మళ్ళీ వచ్చి టీమ్‌తో గోల్డ్ కొట్టాడు. అదే గేమ్స్‌లో డెన్మార్క్ నుంచి లిస్ హార్టెల్ అనే ఆవిడ సిల్వర్ గెలిచింది, పోలియో వచ్చి మోకాళ్ళ కింద కాళ్ళు చచ్చుబడిపోయాయి ఆవిడకి, గుర్రం ఎక్కించాలన్నా దించాలన్నా మనిషి సాయం కావాలి. "నీ పొట్టి కాళ్ళు పనిచేస్తున్నాయి కదా" అని కోచ్ నా వైపు చూసింది. ఇంకేం మాట్లాడతా.

2024 జులైలో, పారిస్‌కి ముందు, షార్లట్ డుజార్డిన్ పాఠం చెప్తూ ఒక గుర్రం కాళ్ళ మీద పొడుగు కొరడాతో పదేపదే కొడుతున్న పాత వీడియో బయటికొచ్చింది. ఒలింపిక్స్ నుంచి తప్పుకుంది, ఏడాది సస్పెన్షన్. నేను వందసార్లు చూసిన, ఏమీ చెయ్యకుండా కూర్చున్న ఆవిడే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, పెళ్లి ఊరేగింపు గుర్రమే గుర్తొచ్చింది, దాన్ని ఎలా నేర్పిస్తారో చిన్నప్పుడు మా వీధిలో చూశా, ముందు కాళ్ళ మీద కర్రతో తడుతూ. మనవాళ్ళు అడిగే ప్రశ్న మీద అంత ఒళ్ళు మండాల్సింది కాదేమో. మర్నాడు మర్ఫీగాడి దగ్గరికి వెళ్ళి వాడి నోరు తెరిచి పెదాల మూలలు చూశా. ఒకపక్క చిన్న గట్టి మచ్చ, పాతదే, రేసులనాటిదో నాదో తెలీదు.

ఆ తర్వాత మూడు నెలలు ఒక్క పనే చేశా, నడిపించి ఆపడం. వేళ్ళు తడి స్పాంజ్ పట్టుకున్నట్టు ఒక్క క్షణం మూసి వెంటనే వదిలెయ్యాలి, వాడు అర్థం చేసుకున్న క్షణంలో నేను వదల్లేదంటే మళ్ళీ పాత గొడవే. వదలడం దగ్గరే ఉంది చిక్కంతా. అడగడం ఎవరికైనా వస్తుంది.

అక్టోబర్‌లో మళ్ళీ అదే టెస్ట్ బి. ఈసారి చదవడానికి మా ఆయన వద్దు, బట్టీ పట్టా, మాతృభాషలోనే, కె దాటాక నడక, ఎఫ్ నుంచి ఇ కి ఫ్రీ వాక్ అని ఎక్కాల్లాగా. ఫ్రీ వాక్ అంటే పగ్గాలు మొత్తం వదిలేస్తే గుర్రం మెడ చాపి తల దించి హాయిగా పెద్ద అడుగులు వెయ్యాలి, దానికి మార్కులు డబుల్. పోయినసారి భయంతో పగ్గం సగమే వదిలా, 5 వచ్చింది. ఈసారి మొత్తం వదిలేశా. పక్క అరేనాలో ఎవరిదో గుర్రం సకిలించింది, నా గుండె ఆగింది, మావాడు మాత్రం ఒక చెవి అటు తిప్పి, ముక్కు నేలకి ఆనేంత దించి, పొలం గట్టు మీద పోతున్న పెద్దమనిషిలాగా నడుచుకుంటూ పోయాడు. 7. చివర్లో మధ్య గీత, ఎక్స్. ఊపిరి వదిలా. ఆగాడు. నాలుగు కాళ్ళూ నాలుగు మూలల మీద, మంచం కోళ్ళలాగా. దణ్ణం పెట్టి చెయ్యి మళ్ళీ పగ్గం మీదకి తెచ్చేదాకా కదల్లేదు, తోక కూడా ఊపలేదు. ఆగడానికి 7.5.

మొత్తం 61.563. ఆరుగురిలో నాలుగో స్థానం, రిబ్బన్ కూడా ఇచ్చారు, వాడు అందులో సగం నమిలేశాడు. అమ్మ ఫోన్లో మార్కుల కాగితం మొత్తం చదివించుకుని, "ఫస్టు క్లాసు" అని వెనకాల ఎవరికో చెప్పింది, నాన్నకే అనుకుంటా.

వచ్చే నెల టెస్ట్ సి. అందులో కాంటర్ ఉంది, అంటే ట్రాట్ కంటే జోరైన దౌడు. మర్ఫీగాడికి ట్రాట్ వరకే డ్రెసాజ్, కాంటర్ అనగానే మలక్‌పేటే.