శనక్కాయల సీమలో మా చిన్నదాని పండుగలు

మా చిన్నదాని మొదటి పుట్టినరోజు మాఘ మాసంలో వచ్చింది. తిథి నాడు తలంటి, హారతి ఇచ్చి, దగ్గరి బంధువులకు భోజనం పెట్టాలనుకున్నాం. అనంతపురంలోని మా ఇల్లు ఆ రోజు నిండిపోయింది. ఓళిగలు, చిత్రాన్నం, గుత్తివంకాయ కూర, ఒక పెద్ద గిన్నె నిండా ఊరిబిండి, అదే మా వైపు వేరుశనగ పచ్చడి. మా నాన్న మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, వేలి కొసన కాస్త ఊరిబిండి తీసి నాలుకకు రాశారు. పాప చప్పరించింది. ఇంకా కావాలన్నట్టు నోరు తెరిచింది. అందరం మురిసిపోయాం, ఎవరో ఫోటో కూడా తీశారు.

పది నిమిషాలు గడవకముందే నోటి చుట్టూ దద్దుర్లు లేచాయి. పెదవులు ఉబ్బాయి. తిన్నదంతా కక్కేసింది. కారం తగిలిందేమో అనుకున్నాం. మా అత్తమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలు తెచ్చి దిష్టి తీశారు. ఆ లోపల పాప ఏడుపు మారిపోయింది. గొంతు బొంగురుపోయి, ఎక్కడో లోపలినుంచి వస్తున్నట్టు వినిపించింది. నా బిడ్డ ఏడుపు నాకు తెలుసు, అది ఆ ఏడుపు కాదు. మా ఆయన, నేను చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో ఎక్కాం. ఆసుపత్రిలో తొడకు ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. కొన్ని నిమిషాల్లోనే ఊపిరి కుదుటపడింది. ఆ రాత్రంతా అక్కడే ఉంచుకున్నారు. తగ్గినట్టే తగ్గి కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టవచ్చని, అందుకే వెంటనే ఇంటికి పంపరని నర్సమ్మ చెప్పింది.

తర్వాతి నెలలో బెంగళూరు వెళ్లి పరీక్ష చేయించాం. పరీక్షకు ముందు కొన్ని రోజులు దురదకు వాడే అలెర్జీ మందులు ఆపమన్నారు. అవి వాడుతుంటే ఫలితం సరిగా రాదట. ముంజేతి మీద వరుసగా చుక్కలు వేసి, ఒక్కో చుక్క దగ్గర సన్నగా గుచ్చి, పదిహేను నిమిషాలు ఆగారు. నువ్వుల దగ్గర ఏమీ లేదు. శనగల దగ్గర ఏమీ లేదు. వేరుశనగ దగ్గర మాత్రం దోమ కుట్టినదానికన్నా పెద్ద పొంగు లేచింది. మూడు మిల్లీమీటర్లు దాటితే పడనట్టేనని లెక్క, మా పాపకు ఎనిమిది వచ్చింది. పరీక్ష ఒక్కటే చాలదని, తిన్నప్పుడు ఏం జరిగిందన్నది దానితో కలిపి చూడాలని డాక్టరు చెప్పారు. మాకు రెండూ ఒకే మాట చెప్పాయి.

వేరే జిల్లాలో అయితే ఇది ఒక తినుబండారం మానెయ్యడం. అనంతపురంలో అలా కాదు. మా అత్తగారిది కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. మా మామగారి నాన్న కాలం నుంచీ అక్కడ శనక్కాయే పంట. అందరూ వేరుశనగ అని రాస్తారు గానీ మా ఇళ్లలో శనక్కాయలే. మా ఆయన చదువు, మా పెళ్లి ఖర్చు, ఈ ఇంటి పునాది అన్నీ ఆ కాయలమ్మిన డబ్బుతోనే. ఇడ్లీకి ఆ చట్నీ, సంగటికి ఆ ఊరిబిండి, కూరల్లో ఆ పొడి, తిరగమోతలో ఆ గింజ, బాణలిలో ఆ నూనె. ఫలితం చెప్పగానే అత్తమ్మ నమ్మలేకపోయారు. “మనం తిని బతికిన పంట మన పిల్లకు పడకపోవడమేమిటి తల్లీ?” అన్నారు. ఆ మాటలో కోపం లేదు, తన పొలమే ఏదో తప్పు చేసినట్టు బాధపడ్డారు.

కడుపుతో ఉన్నప్పుడు నేను పల్లీలు ఎక్కువ తిన్నానని కొందరు, తినలేదని కొందరు అన్నారు. రెండూ కారణం కాదని డాక్టరు తేల్చి చెప్పారు. పాపకు మూడో నెల నుంచీ బుగ్గల మీద, మోచేతి మడతల్లో చర్మం ఎర్రబడి పగిలేది, దాన్నే ఎగ్జిమా అంటారు. అలాంటి పిల్లలకు ఆహార అలెర్జీ వచ్చే అవకాశం ఎక్కువట. 2015లో బ్రిటన్‌లో వెలువడిన ఒక పరిశోధన గురించి కూడా చెప్పారు. తీవ్రమైన ఎగ్జిమా గానీ గుడ్డు అలెర్జీ గానీ ఉన్న పసిపిల్లలకు నాలుగు నుంచి పదకొండు నెలల మధ్య వేరుశనగ తినిపించడం మొదలుపెడితే, ఐదేళ్లు వచ్చేసరికి ఆ అలెర్జీ చాలా తక్కువమందిలో కనిపించిందట. నేనేమో చర్మం బాగాలేదని ఏడాది నిండేదాకా ఇలాంటివేమీ పెట్టకుండా కాపాడాననుకున్నాను. ఇది చదివే తల్లుల్లో ఎవరి బిడ్డకైనా చర్మం అలా ఉంటే, సొంతంగా ప్రయోగం చేయకుండా ముందు డాక్టరును అడగండి. ఆయన సరేనంటే మెత్తని ముద్దగా పలచన చేసే పెట్టండి, చిన్నపిల్లలకు గింజలు గొంతులో అడ్డం పడతాయి.

ఇంటికి రాగానే మిక్సీ జార్లు మార్చాను. కుళ్లిపోయినదాన్ని పారేసినట్టు శనక్కాయలను పారేయడానికి చేతులు రాలేదు, పక్కింటివాళ్లకు ఇచ్చేశాను. బాగా శుద్ధి చేసిన నూనెలో అలెర్జీ తెచ్చే ప్రొటీన్ దాదాపు ఉండదు గానీ గానుగ నూనెలో ఉంటుంది. మాకు ఊరినుంచి వచ్చేది గానుగ నూనె. కాబట్టి అదీ మానేశాం. ఆసుపత్రిలో తొడకు ఇచ్చిన మందే, అడ్రినలిన్ ఆంపుల్ (చిన్న గాజు సీసా), సన్నని సిరంజి, పాప బరువును బట్టి ఎంత ఎక్కించాలో డాక్టరు రాసిచ్చిన చీటీ, ఈ మూడూ ఒక సంచిలో పెట్టాం. బరువు పెరిగినప్పుడల్లా ఆ చీటీ మార్పించుకోవాలి. మందుకు వేడి, వెలుతురు తగలకూడదు. మా ఊరి ఎండల్లో నలభై డిగ్రీలు మామూలే కాబట్టి ఎండాకాలం బయటికి వెళ్లేటప్పుడు మందపాటి చల్లని సంచి వాడాం, మంచుగడ్డ నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి.

పెద్దవాడికి అప్పుడు ఆరేళ్లు. చిక్కీ అంటే ప్రాణం. చెల్లెలికి పడదని చెబితే ఏడవలేదు గానీ, “మరి నేను ఎక్కడ తినాలి?” అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడం నా బాధ్యత అనిపించింది. వాళ్ల నాన్నతో టవర్ క్లాక్ వైపు వెళ్లినప్పుడు తినవచ్చు, ఇంటికి రాగానే సబ్బుతో చేతులు, మూతి కడుక్కోవాలి, బట్టలు మార్చుకోవాలి. చేతులకు రాసుకునే శానిటైజర్‌తో ఆ జిడ్డు పోదు, సబ్బు నీళ్లే కావాలి. వాడు ఈ రోజు దాకా ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ ఏడాది ఉగాదికి ఓళిగలు నేతితో కాల్చాను. శ్రీరామనవమి పానకం, వడపప్పు మాకు భయం లేని పండుగ. వరలక్ష్మీ వ్రతం కూడా ఇంట్లోనే కాబట్టి గడిచిపోయింది. వినాయక చవితి దగ్గర దెబ్బ తిన్నాం.

మూడో రోజు సాయంత్రం వీధి మండపంలో పులిహోర పంచుతున్నారు. అత్తమ్మ ఊరినుంచి వచ్చి ఉన్నారు, పాపను ఎత్తుకుని అక్కడికి వెళ్లారు. నేను వెనకనే పెద్దవాడితో వస్తున్నాను. ఆమె దొన్నెలోంచి పల్లీలన్నీ ఒక్కొక్కటీ ఏరి పక్కన పెట్టి, కళ్లకద్దుకుని, ఉత్త అన్నం మెతుకులు నాలుగు పాప నోట్లో పెట్టారు. ఎంత జాగ్రత్తగా ఏరారో ఆ దొన్నె తర్వాత చూశాను, ఒక్క పలుకు కూడా మిగల్లేదు. గింజ తీసేసినా నూనెలో, పులుసులో, అన్నంలో అది కలిసిపోయి ఉంటుందని ఆమెకు నేను చెప్పలేదు. పల్లీలు పెట్టొద్దని మాత్రమే చెప్పాను. ఆమె పెట్టలేదు.

పాప దగ్గడం మొదలుపెట్టింది. ఒళ్లంతా దద్దుర్లు, మెడ దగ్గర చర్మం లోపలికి లాగుతోంది. సంచి నా భుజానికే ఉంది. మండపం పక్కన అరుగు మీద పడుకోబెట్టి, ఆంపుల్ విరిచి, గీత దాకా మందు తీశాను. ఇంట్లో నీళ్లతో, నారింజపండుతో ఎన్నోసార్లు చేసి చూసుకున్న పనే. చేతులు వణికాయి. తొడ బయటి వైపున, బట్ట మీదుగానే గుచ్చేశాను. కుర్రాళ్లు మైకు ఆపేశారు. ఒకతను కారు తెచ్చాడు. దారిలోనే దగ్గు తగ్గింది. అయినా ఆసుపత్రికి వెళ్లాం, ఆ రాత్రి అక్కడే ఉన్నాం.

అత్తమ్మ ఆ రాత్రి మంచినీళ్లు కూడా ముట్టలేదు. “ప్రసాదం అనుకున్నానమ్మా” అని ఒక్క మాట అన్నారు. ఆమెను నేను నిందించలేదు. మా నాన్న వేలి కొస అయినా, అత్తమ్మ నాలుగు మెతుకులైనా, పాప మీద ప్రేమ లేనివాళ్లెవరూ దాని నోట్లో ఏమీ పెట్టలేదు. అందుకే, పాపను ఎత్తుకునే ప్రతి చేతికీ అంతా తెలియాలని ఆ రాత్రి నిర్ణయించుకున్నాను. మర్నాడు ఆసుపత్రి మంచం పక్కనే కూర్చుని అత్తమ్మకు మొదటినుంచీ చెప్పాను. ఒకే గరిటె రెండు గిన్నెల్లో తిరిగితే ఏమవుతుందో, ఒకే బాణలిలో వేయిస్తే ఏమవుతుందో. నారింజపండు తెప్పించి సూది గుచ్చడం ఆమె చేత కూడా చేయించాను. చదువు రాకపోయినా, సిరంజి మీద ఎన్నో గీత దాకా అన్నది ఆమె నాకన్నా త్వరగా గుర్తుపట్టారు.

దసరా సెలవులకు ఊరికి వెళ్లాలా వద్దా అని మా ఆయన, నేను వారం రోజులు తర్జనభర్జన పడ్డాం. జూన్, జూలైలో వేసిన పంట దసరా రోజులకు కోతకు వస్తుంది. పీకిన చెట్లు ఇంటి ముందు కుప్పలుగా పడి ఉంటాయి, ఆడవాళ్లు చుట్టూ కూర్చుని కాయలు వలుస్తుంటారు, వాకిలంతా ఆ దుమ్మే. పెద్దవాడికి ఏడాదంతా ఎదురుచూసే పండుగ అదే. చివరికి ఒక్క రోజు చూసి వచ్చేద్దామని బయలుదేరాం.

వెళ్లేసరికి వాకిలి ఖాళీగా ఉంది. పేడతో అలికి, ముగ్గు పెట్టి ఉంది. నలభై ఏళ్లుగా ఇంటి ముందు పోస్తున్న పంటను ఆ ఏడాది పొలం దగ్గరి కళ్లంలోనే పోయించారు అత్తమ్మ. పశువులకు వేసే శనగ కట్టె, అంటే కాయలు వలిచిన ఎండు చెట్ల వామి కూడా ఇంటి వెనక నుంచి దూరంగా మార్పించారు. పొలం నుంచి వచ్చేవాళ్ల కోసం గేటు దగ్గరే ఒక తొట్టి నిండా నీళ్లు, సబ్బు, మార్చుకోవడానికి ఉతికిన పంచెలు. మామగారు కూడా స్నానం చేశాకే మనవరాలిని ఎత్తుకున్నారు. వంటింట్లో కొత్త బాణలి, పొద్దుతిరుగుడు నూనె డబ్బా. ఎవరూ ఏమీ చెప్పలేదు. మేము ఒక్క రోజు అనుకున్నవాళ్లం సెలవులన్నీ అక్కడే ఉన్నాం.

సంక్రాంతికి చిక్కీ బదులు నువ్వుల ఉండలు చేసుకున్నాం. మిఠాయి దుకాణాల సంగతి మాత్రం నేను పూర్తిగా వదులుకున్నాను. జీడిపప్పు మిఠాయి అన్నా అందులో ఏ పొడి కలిసిందో తెలియదు. ప్యాకెట్ల మీద అలెర్జీ కలిగించే పదార్థాల వివరం వేయాలన్న నిబంధన మన దేశంలో ఉంది, అందువల్ల ప్యాకెట్ చదవగలను. విడిగా అమ్మేదాన్ని చదవలేను.

ఇక బడి. నర్సరీలో చేర్చిన నెలలోనే తరగతిలో ఐదు పుట్టినరోజులు వచ్చాయి. ప్రతిదానికీ చాక్లెట్లు, ఒక్కోసారి కేకు. పాపకు చాక్లెట్ తీసి పక్కన పెట్టేస్తే ఏడ్చింది, పడదని తెలుసు గానీ అందరి చేతిలో ఉన్నది తన చేతిలో లేదని. టీచరు దగ్గర ఒక డబ్బా ఉంచాను, అందులో ఇంట్లో చేసిన కొబ్బరి ఉండలు, నేను చదివి కొన్న బిస్కెట్లు. ఎవరి పుట్టినరోజు వచ్చినా పుట్టినరోజు పిల్ల చేతితోనే ఆ డబ్బాలోంచి ఒకటి పాపకు ఇప్పించమని అడిగాను. టీచరు ఒప్పుకున్నారు. ఏడుపు ఆగిపోయింది. మందు సంచి, చీటీ నకలు ఆమె బల్ల సొరుగులో ఉన్నాయి. సొరుగుకు తాళం వేయవద్దని వేడుకున్నాను.

మొన్న మాఘంలో నాలుగో పుట్టినరోజు చేశాం. పద్దెనిమిది మంది పిల్లలు వచ్చారు. వంటంతా మా ఇంట్లోనే, గుత్తివంకాయలో నువ్వులు, కొబ్బరి. మా నాన్న హారతి ఇచ్చేటప్పుడు దూరంగా నిలబడ్డారు. మొదటి పుట్టినరోజు తర్వాత ఆయన పాపకు తన చేతితో ఏమీ తినిపించలేదు. నేనే ఓళిగ ముక్క ఆయన చేతిలో పెట్టి, “ఇది నేను చేసింది నాన్నా, పెట్టండి” అన్నాను. పాప నోరు తెరిచి ఆగింది. “తాతా, ఇందులో శనక్కాయలున్నాయా?” అని అడిగింది. “లేవు తల్లీ” అన్నారు. తిన్నది.

ఈ ఏడాది మళ్లీ పరీక్షకు రమ్మన్నారు. ఐదుగురిలో ఒకరికి పెద్దయ్యేకొద్దీ ఇది పోతుందట, మిగతావాళ్లకు ఉండిపోతుందట. నేను ఏదీ ఊహించుకోవడం లేదు.

నిన్న రాత్రి అత్తమ్మ ఫోను చేశారు. ఉగాది పచ్చడిలో పుట్నాలు వేయవచ్చా అని అడిగారు. పుట్నాలు పడతాయి, కానీ దుకాణంలో పల్లీల మూట పక్కనే ఉంటాయి, రెండింటికీ ఒకటే డబ్బాతో కొలుస్తారు అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. “అయితే ప్యాకెట్ శనగపప్పు తెప్పించి నేనే వేయిస్తాలే. కొత్త బాణలి ఉంది కదా” అన్నారు.