పిల్లలు చదువుతుంటే మనం ఏం వినాలి?

బెంగళూరు మారతహళ్ళిలో మేముంటున్న అపార్ట్‌మెంట్లలో ఆదివారాలు పిల్లలకు తెలుగు చదవడం నేర్పుతున్నాను. వచ్చేవాళ్ళందరూ రెండు నుంచి నాలుగో తరగతి లోపు పిల్లలు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఇంగ్లీషూ కన్నడమూ చదువుతారు. "మేడం, మా వాడికి నూటికి ఎన్ని వేస్తారు?" అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. నేను మార్కులు వేయను. పిల్లవాడు ఎక్కడ తడబడ్డాడో, తడబడ్డప్పుడు ఏమని చదివాడో రాసుకుంటాను, ఎందుకంటే వచ్చే వారం ఏం నేర్పాలో నాకు చెప్పేది ఆ కాగితమే.

న్యూజిలాండ్‌కు చెందిన విద్యా పరిశోధకురాలు మేరీ క్లే ఇందుకోసం 'రన్నింగ్ రికార్డ్' అనే పద్ధతిని రూపొందించారు. పిల్లవాడు పైకి చదువుతుంటే, సరిగా పలికిన ప్రతి మాటకూ టీచరు ఒక టిక్కు పెడతారు. తప్పు చదివితే పుస్తకంలోని మాటనూ, దాని పైన అతను పలికిన మాటనూ రాస్తారు. నూటికి తొంభై అయిదు, అంతకు మించి మాటలు సరిగ్గా వస్తే ఆ పాఠాన్ని అతను సొంతంగా చదువుకోగలడు. తొంభై నుంచి తొంభై నాలుగు వస్తే టీచరు పక్కన కూర్చుని నేర్పడానికి తగిన పాఠం. తొంభై కంటే తగ్గితే ఇంకా తేలికైనది వెతకాలి.

అయితే నేను ఆ అంకె కన్నా తప్పుల తీరునే ఎక్కువగా చూస్తాను. "పాప పెరట్లో పూలు కోసింది" అనే వాక్యాన్ని ఒక అమ్మాయి "పువ్వులు కోసింది" అని చదివింది. అర్థం చెడలేదు, కానీ ఆమె కన్ను అక్షరాల మీద పూర్తిగా నిలవలేదు. ఇంకొక అబ్బాయి "పాలు కోసింది" అని ఆగకుండా ముందుకు వెళ్ళిపోయాడు. దీర్ఘాల గుర్తులు కలగాపులగమయ్యాయన్నది ఒక సంగతి. పాలను ఎవరూ కోయరు కదా అన్న సందేహం రాకపోవడం అంతకన్నా పెద్ద సంగతి. మూడో పిల్ల "పాలు... కాదు, పూలు" అని తనంతట తానే దిద్దుకుంది. ఈ పద్ధతిలో దిద్దుకున్న మాటను తప్పుగా లెక్కించరు, అలా లెక్కించకపోవడం ఎంతో న్యాయమని నాకనిపిస్తుంది. మార్కులు వేస్తే మొదటి ఇద్దరికీ ఒకే మార్కు పోతుంది, కానీ ఆ ఇద్దరికీ నేర్పవలసింది ఒకటి కాదు.

కన్నడం చదవడం వచ్చిన పిల్లలకు తెలుగు అక్షరాలు త్వరగా పట్టుబడతాయి, ఎందుకంటే రెండు లిపులూ అక్కచెల్లెళ్ళు. ఐనా 'సూర్యుడు', 'ధర్మం', 'మార్గం' వంటి మాటల దగ్గర కొందరు ఆగిపోతారు. కన్నడంలో ఇలాంటి చోట రకారం అర్కావొత్తుగా మారి తరువాతి అక్షరానికి కుడిపక్కన చేరుతుంది. తెలుగులో ఇప్పుడు 'ర' నిండుగా నిలిచి, దాని కింద ఒత్తు వస్తుంది. అక్కడ మాత్రమే తడబడిన పిల్లచేత గుణింతాలన్నీ మొదటినుంచి అప్పజెప్పించడం ఆమె కాలాన్ని వృథా చేయడమే. అటువంటి మాటలను పదింటిని ఏరి చదివిస్తే చాలు.

మూడో తరగతికొచ్చినా ఒత్తులు రాలేదని కంగారుపడే తల్లిదండ్రులకు నేనొక విషయం చెబుతాను. కన్నడ పిల్లలు చదవడం నేర్చుకునే తీరుపై సొనాలీ నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, అక్షరాలు పూర్తిగా పట్టుబడడానికి ఏళ్ళు పడుతుంది, ఆ పని నాలుగో తరగతి దాకా సాగుతుంది. గుణింతాలూ ఒత్తులూ కలిసి వందల రూపాలున్న మన లిపికీ ఇది వర్తిస్తుందనే నా అభిప్రాయం.

వేగం సంగతిలోనూ జాగ్రత్త అవసరం. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని కేంద్ర ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం, మూడో తరగతి చివరికి నిమిషానికి కనీసం 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టింది. కానీ 'చెప్పాలనుకుంటున్నాడు' అనేది తెలుగులో ఒకే మాట. ఇంగ్లీషులో అదే భావానికి నాలుగు మాటలు పడతాయి. 2022లో జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎన్‌సీఈఆర్‌టీ) మూడో తరగతి పిల్లలను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి 20 భాషల్లో చదివించినప్పుడు, ఏ భాషకు ఆ భాష ప్రమాణాన్ని విడిగా నిర్ణయించడం అందుకే సబబుగా ఉంది.

గడగడా చదివేవారిని కూడా అర్థం అడగనిదే వదలను. పాఠ్యపుస్తకంలోని పాఠాన్ని కొందరు కంఠతా పట్టి, పుస్తకం మూసినా ఆపకుండా చెప్పేయగలరు కనుక, ఎన్నడూ చూడని పేరాను నేనే రాసి ఇస్తాను. కార్తీక మాసం చివరి సోమవారం బెంగళూరు బసవనగుడిలో దొడ్డ బసవన్న గుడి దగ్గర మొదలయ్యే వేరుశనగ పరిషె (జాతర) గురించి ఒకటి రాశాను. అక్కడికి వెళ్ళొచ్చిన పిల్లలు కొత్త మాటలను సైతం సందర్భాన్ని బట్టి పట్టుకున్నారు, వెళ్ళనివాళ్ళు అవే మాటల దగ్గర ఆగిపోయారు. అందువల్ల ఒకే పేరా మీద పిల్లవాడి చదువును తేల్చకుండా, అతనికి తెలిసిన విషయం మీద ఒకటి, తెలియని విషయం మీద ఒకటి చదివిస్తున్నాను. చదివాక "పరిషె ఎక్కడ జరుగుతుంది?" అని అడిగితే వాక్యాన్నే తిరిగి అప్పజెబుతారు, "రైతులు ఆ రోజే కాయలు ఎందుకు తెచ్చి ఉంటారు?" అని అడిగితే ఆలోచించి, తమ మాటల్లో చెప్పవలసి వస్తుంది. ఆ జవాబును కూడా అదే కాగితం మీద, పిల్లల మాటల్లోనే రాసుకుంటాను.